మట్టి తినని శవం

మిట్టమధ్యాహ్నం... నీడలు సైతం కాళ్ల కిందికి ముడుచుకుపోయే ఘోర ఘడియ! మబ్బులేని ఆకాశంలో ఉరుము ఉరిమింది. ఆ పండ్లతోటలో బెదిరి ఎగరడానికి ఒక్క పిట్ట లేదు... ముసరడానికి ఒక్క ఈగ లేదు!

నలభై రోజుల క్రితం మాంత్రికుడు జరిపిన సర్వకీటక సంహార ప్రయోగ ఫలితమది. పూతకు పురుగు పట్టకూడదని తోట యజమానే వాణ్ణి కోరి తెచ్చుకున్నాడు, మహా తెలివిగలవాడు! చీమలు, వానపాములు, తుమ్మెదలు... సమస్తం చచ్చాయి. పూత విరగబూసింది గానీ పిందె ఒక్కటీ పడలేదు. తేనెటీగలు పెంచే అతని భార్య చచ్చిన ఈగలను పెట్టెల్లోంచి చేటలకెత్తి మాంత్రికుణ్ణి నిలదీసింది. ఆ నీచుడు ఆమె మీదికి పిశాచాన్ని ఉసిగొల్పాడు. ఇప్పుడామె చెట్టుకు కట్టేసి ఉంది... కళ్లు తేలేసి, నురగలు కక్కుతూ!

మనిషి పుర్రెను నెత్తుటితో తడిపితే ఆమెకు నయమవుతుందన్నాడు మాంత్రికుడు. ఎవరి నెత్తురో వాడు చెప్పలేదు, మొగుడూ అడగలేదు. ఇలాంటి మొగుళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఆ పుర్రె కోసం మాంత్రికుడు తోటలోనే గొయ్యి తవ్వసాగాడు. పురుగుల జోలికి పోవద్దని వారించిన సొంత గురువును, ప్రయోగం నాడే గొంతు నులిమి పాతిపెట్టింది అక్కడే. పుర్రెకు నాలుక ఉండదు, అందుకే చెప్పినట్టు వింటుంది. అయితే పుర్రెను శుభ్రం చేసేది మంత్రం కాదు, మట్టిలోని పురుగులేనన్న సంగతి ఆ దుర్మార్గుడికి తట్టనే లేదు!

మన్ను తొలగింది. చెక్కుచెదరని ముఖం... పెదవులు... వాటి మధ్య కదులుతున్న నాలుక!

"నన్ను తినడానికి ఒక్క చీమనైనా మిగల్చలేదేంరా?" అన్నాడు గురువు.

ఆ నాలుక పిశాచ మంత్రాన్ని తిరగేసి చదివింది. పిశాచం ఆమెను విడిచి, తనను పంపినవాడి గొంతులోనే దూరింది. ఒక్క ఆర్తనాదం... మాంత్రికుడు గొయ్యిలోకి కూలి చచ్చాడు. గురువు కళ్లు మూసుకున్నాడు.

యజమాని భార్య కట్లు విప్పాడు. పీడ విరగడైందని, గుట్టుగా పూడ్చేద్దామని గొణుగుతూ పార అందుకున్నాడు. ఆమె దాన్ని లాగేసుకుంది.

"పూడ్చి ఏం లాభమండీ? ఈ మట్టి ఎవర్నీ తినదు, దేన్నీ పండించదు. వీడు చచ్చినంత మాత్రాన చచ్చిన పురుగులు లేచొస్తాయా? పక్క తోటలవాళ్ల కాళ్లు పట్టుకుని, వానపాములున్న మట్టి ఒక్క గంపెడు అడుక్కురండి."

అతను గంప పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. ఈ మాంత్రికుణ్ణి గొప్పగా పొగిడి, చుట్టుపక్కల తోటలన్నిటికీ పంపింది తనే!