చెయ్యి తీ, మాణిక్యం

దెయ్యం కథంటే అర్ధరాత్రి అవ్వాలి, కుక్క ఏడవాలి అంటారు. నా దగ్గర ఆ రెండూ లేవండీ. నా కథ మధ్యాహ్నం మూడింటికి, కాలేజీ కంప్యూటర్ ల్యాబులో, సమోసా నూనె ఇంకా వేళ్ళకి అంటుకుని ఉండగానే జరిగింది.

నా పేరు లక్ష్మీదుర్గ. తాడేపల్లిగూడెంలో మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. మా క్లాసులో ఎవరి చెప్పులు ఫ్యానుకి వేలాడుతున్నా ముందు నన్నే అడుగుతారు. సరిగ్గానే అడుగుతారు. నా ఎడమ బొటనవేలి మీద ఎప్పుడూ నీలం బాల్‌పెన్నుతో గీసిన మొహం ఒకటి ఉంటుంది. మీసం, కళ్ళజోడు. పేరు మావయ్య. ఎవరేం చెప్పినా మావయ్య అడ్డంగా తల ఊపుతాడు.

మావయ్య ఎక్కువగా ఏడిపించేది జీవన్‌ని. నా ప్రాజెక్టు పార్ట్‌నరు. భీమడోలు నుంచి రోజూ పాసింజరులో వస్తాడు. ఆదివారం వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. క్రిస్మస్‌కి ఏలూరులో పెద్ద ప్రోగ్రాం ఉందని, ఆ మూడు నెలలూ వాడి వేళ్ళు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. బస్సు సీటు మీద, క్యాంటీన్ బల్ల మీద, ఒకసారైతే నిద్రపోతూ నా లంచ్‌బాక్సు మీద కూడా వాయించాడు.

మా ప్రాజెక్టు ఐసు క్రషరు. మండవల్లి దాటాక, చేపల చెరువుల మధ్య, ఒక ఐసు ఫ్యాక్టరీలో ఉంది. గేటు దాకా అమ్మోనియా ఘాటు. లోపలికెళ్తే దాని మీద చేపల నీచు. మనిషంత ఐసు దిమ్మని పైనుంచి తోస్తే, జానెడేసి ఉక్కు పళ్ళున్న డ్రమ్ము గిర్రున తిరిగి పొడి చేసి కింద పోస్తుంది. ఆ పొడిలో చేపల్ని సర్ది లారీ ఎక్కిస్తారు. రెండేళ్ళ కిందట మాణిక్యం అనే పనివాడి చెయ్యి ఆ డ్రమ్ములోకి పోయింది. భుజం దాకా. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఇక ఎవరి చెయ్యీ పళ్ళ దాకా వెళ్ళకుండా ఒక అడ్డు డిజైన్ చెయ్యమని ఫ్యాక్టరీ వాళ్ళు మమ్మల్ని అడిగారు.

మేం వెళ్ళిన రోజు, స్విచ్చి దగ్గర ఆపరేటరు బుచ్చిబాబు గారు నిలబడి "చెయ్యి తీ!" అని మూడుసార్లు అరిచారు. పనివాళ్ళు నలుగురూ ఎక్కడివాళ్ళక్కడ రెండు చేతులూ పైకెత్తారు. ఆయన వేలితో చూపిస్తూ లెక్కపెట్టారు.

"రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది..." మా వైపు చూశారు. మేమూ ఎత్తాం. "పది, పన్నెండు."

తర్వాత డ్రమ్ము వైపు తిరిగి, ఇంట్లో మనిషిని పిలిచినట్టు మెల్లగా అన్నారు. "చెయ్యి తీ, మాణిక్యం."

రెండు క్షణాలు ఆగి స్విచ్చి వేశారు.

"ఆయన ఎత్తారాండీ?" అన్నాను. జీవన్ నా కాలు తొక్కాడు.

బుచ్చిబాబు గారు నవ్వలేదు. "ఆ రోజు పిలవకుండా స్విచ్చి వేసింది నేనేనండి. పిలిస్తే తీస్తాడు. పిలవకపోతే ఆయన చెయ్యి లోపలే ఉంటుంది అమ్మాయిగారూ."

"ఉంటే?"

"ఒంటరిగా ఉండలేడు గదండీ. పక్కన ఇంకో చెయ్యి కావాలంటాడు."

తిరుగు బస్సులో మావయ్య తల ఊపుతూనే ఉన్నాడు. జీవన్ మాత్రం కిటికీలోంచి చెరువులు చూస్తూ కూర్చున్నాడు. డ్రమ్ము మీద ఒక్కో పన్నూ వాడే కొలిచాడు. వంగిపోయిన పన్ను ఒకటుంటే దాని వంకర కూడా రాసుకున్నాడు.

ఆ కొలతలతో డ్రమ్ముని కంప్యూటర్లో కట్టాం. మా సాఫ్ట్‌వేర్ పని ఇదీ: వస్తువు బొమ్మని లక్ష చిన్న ముక్కలు చేసి, ఏ ముక్క మీద ఎంత బలం పడుతుందో లెక్క కడుతుంది. తట్టుకోలేని ముక్కని తీసేస్తుంది. తెర మీద అది మాయమైపోతుంది. ఐసు దిమ్మతో చేసినప్పుడు దిమ్మ సగానికి పైగా అలాగే మాయమైంది.

"పోయిన ముక్కలు ఎక్కడికి పోతాయే?" అన్నాడు జీవన్.

"మండవల్లి పోతాయిరా. ఐసులో పెట్టి లారీ ఎక్కిస్తారు."

మా అడ్డు పనిచేస్తుందని చూపించాలంటే బొమ్మలో ఒక చెయ్యి ఉండాలి. జీవన్ కుడిచేతిని ఫోన్‌తో స్కాన్ చేశాను. వాడు కితకితలని కదులుతుంటే ఎడమచేత్తో మణికట్టు దగ్గర పట్టుకున్నాను. తీరా చూస్తే మావయ్యతో సహా నా బొటనవేలు కూడా స్కాన్‌లోకి వచ్చేసింది. అలాంటి చెత్తని కత్తిరించి శుభ్రం చెయ్యడం గంట పని. ఈ పని నేర్చుకునే ప్రతివాళ్ళూ బద్ధకించేది సరిగ్గా అక్కడే.

"తీసెయ్యవే," అన్నాడు జీవన్.

"ఉండనీరా. మణికట్టు మీద బొడిపె అనుకుంటారు. ఎవరు చూస్తారు?"

ఆ మణికట్టుకే 'ఫిక్స్' పెట్టాను. అంటే అక్కడున్న ప్రతి బిందువూ ఏ దిక్కుకీ కదలకూడదు. అలా పెట్టకపోతే మొదటి దెబ్బకే చెయ్యి ఎగిరిపోయి లెక్క చెడుతుంది. చెయ్యి కదలదు. డ్రమ్మే తిరుగుతూ దాని మీదికి వస్తుంది.

నవంబరు ఆఖర్లో తుఫాను రోజది. మధ్యాహ్నానికే కాలేజీ వదిలేశారు. జీవన్ రైలు రద్దయింది. మర్నాడు రివ్యూ. రెండో అంతస్తు ల్యాబులో మేమిద్దరమే. మూడింటికే ఆకాశం మసిగుడ్డలా అయిపోయింది. కిటికీల మీద వాన పిడికిళ్ళతో కొడుతోంది.

అడ్డు పెట్టి రన్ చెయ్యాలి. నేను ముందు అడ్డు తీసేసి పెట్టాను. ఫైలు పేరు 'జీవన్ పచ్చడి'. వాణ్ణి పిలిచి చూపించాను.

"ఒసేయ్, నీకు బుద్ధుందా?"

"మీ పాస్టర్ గారికి కూడా పంపిస్తా. కూర్చో, సినిమా చూద్దాం."

వాడు నవ్వాపుకుంటూ పక్క కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. నేను ఎంటర్ కొట్టాను.

ఎవరినీ పిలవలేదు.

ఐదు శాతం. పది. కరెంటు పోయింది. యూపీఎస్ మీద మా కంప్యూటర్ ఒక్కటే వెలుగుతోంది. లోపలి ఫ్యాను మోత పెరిగింది. ఎప్పుడూ పెరుగుతుంది. కానీ ఈసారి ఆ మోత గుండ్రంగా తిరుగుతోంది. తిరిగే ప్రతిసారీ ఒకచోట టక్‌మని తడబడుతోంది... వంగిన పన్ను దగ్గర తడబడినట్టు.

అమ్మోనియా వాసన వచ్చింది. దాని మీద నీచు. బల్ల చల్లబడింది. నా మోచేయి అంటుకుపోతుందేమో అన్నంత చల్లగా.

"దుర్గా," అన్నాడు జీవన్. "నా చెయ్యి రావట్లేదు."

"నా వేషాలు నాకే చూపించకు."

"ఒట్టే... రావట్లేదు."

లాగుతున్నాడు. భుజం లేస్తోంది, మోచేయి లేస్తోంది. మణికట్టు మాత్రం బల్లలో దిగేసిన మేకులా ఉంది. తెర మీద డ్రమ్ము చేతి దగ్గరికి వచ్చేసింది. పద్నాలుగు శాతం. మొదటి పన్ను చిటికెనవేలి గోరుని తాకింది. అక్కడ ఎర్రరంగు వెలిగింది. ఒక ముక్క మాయమైంది.

జీవన్ గోరు లేచిపోయింది.

వాడు అరవలేదు. అర్థం కాక దానివైపు చూశాడు. రెండో పన్ను వచ్చింది. మొదటి కణుపు నలిగింది... ఐసు పగిలిన చప్పుడే, అచ్చం అదే. అప్పుడు అరిచాడు. రక్తం కీబోర్డు మీద చిమ్మింది. నా కళ్ళజోడు మీద పడింది. మూడో పన్ను. వేలు మొదలు దాకా నుజ్జయింది. ఎముక తెల్లగా కనిపించింది. మరుక్షణం అదీ లేదు. తెగి కింద పడటం కాదండీ. లేదు. అంతే.

స్టాప్ నొక్కాను. ఆగలేదు. మళ్ళీ నొక్కాను. రక్తానికి మౌసు జారిపోతోంది. పంతొమ్మిది శాతం.

"ఆపవే! నా చెయ్యే... దుర్గా, నా చెయ్యి!"

రెండు చేతులతో వాడి మోచేయి పట్టుకుని, బల్లకి కాలు తన్నిపెట్టి లాగాను. భుజం దగ్గర ఏదో కలుక్కుమంది. మణికట్టు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఏ దిక్కుకీ కదలకూడదని పెట్టింది నేనే కదా!

బల్ల కింద దూరి యూపీఎస్ తీగ పీకేశాను.

తెర ఆరింది.

డ్రమ్ము ఆగలేదు.

చీకట్లో ఉంగరపువేలు పోయింది. నాకు కనిపించలేదు, వినిపించింది. మూడు చప్పుళ్ళు. మూడు కణుపులు. జీవన్ గొంతు అరిచి అరిచి గరగరలాడుతోంది. "అమ్మా... ప్రభువా... అమ్మా..."

ఇక మధ్యవేలు. టక్‌మని తడబడింది డ్రమ్ము.

అప్పుడు గుర్తొచ్చారు బుచ్చిబాబు గారు. లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తాను. "చెయ్యి తీ!" అని అరిచాను. "చెయ్యి తీ! చెయ్యి తీ!" డ్రమ్ము తిరుగుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది. మెల్లగా, ఇంట్లో మనిషిని పిలిచినట్టు అన్నాను...

"చెయ్యి తీ, మాణిక్యం. నీకు దణ్ణం పెడతాను. చెయ్యి తీ బాబాయ్."

మోత ఆగింది.

జీవన్ చెయ్యి ఒక్కసారిగా ఊడొచ్చింది. కుర్చీతో సహా వెనక్కి పడబోయి, రెండు చేతులూ గాల్లోకి లేపాడు. బయట మెరిసింది. ఆరిపోయిన తెరలో మేమిద్దరం కనిపించాం. లెక్కపెట్టాలని కాదు, కళ్ళే లెక్కపెట్టాయి. నావి రెండు. వాడి ఎడమచెయ్యి, మూడు. నెత్తురోడుతూ కుడిచెయ్యి, నాలుగు.

మా వెనకాల, ఎత్తుగా, నీళ్ళు కారుతూ... ఐదు.

ఒక్కటే చెయ్యి.

నేను వెనక్కి తిరగలేదు. నా చున్నీ వాడి చేతికి చుట్టి, మెట్లు దింపుకుంటూ వాచ్‌మన్‌ని కేకేశాను.

ఆస్పత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి మాట: "తెగిన వేళ్ళేవి? దొరికితే ఐసులో పెట్టి తీసుకురండి. ఇవాళ రేపట్లో అయితే అతికించే అవకాశం ఉంటుంది."

వాచ్‌మన్ టార్చితో తిరిగి వెళ్ళాను. బల్ల కింద వెతికాను, కుర్చీల కింద, కీబోర్డు ఊడదీసి కూడా వెతికాను. రక్తం తప్ప ఏమీ లేదు. మత్తులో కూడా జీవన్ ఎడమచెయ్యి దుప్పటి మీద ఏదో వాయిస్తూనే ఉంది. కుడిచేతి కట్టు మధ్యమధ్యలో కదులుతోంది. లేని వేళ్ళ దగ్గర కూడా. వాళ్ళమ్మ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఏ మెషీన్లో పడిందమ్మా అని నన్ను అడిగారు.

తెల్లవారాక ఆస్పత్రి వరండాలో ఉండగా ఫోన్ మోగింది. బుచ్చిబాబు గారు.

"అమ్మాయిగారూ, మీరిద్దరూ క్షేమమేనాండీ?"

జీవన్ గది తలుపు వైపు చూశాను.

"పొద్దున్నే మొదటి దిమ్మ వేశామండి. ఐసు పొడిలో... వేళ్ళొచ్చాయి, చెక్కుచెదరకుండా. నలుగురినీ నిలబెట్టి చేతులు లెక్కపెట్టాను. మావాళ్ళవన్నీ ఉన్నాయి. ఎందుకో మీరే గుర్తొచ్చారు."

వినగానే భయంతోపాటు ఆశ కూడా వచ్చిందండీ, అబద్ధం ఎందుకు. "అవి జీవన్‌వి! బుచ్చిబాబు గారూ, ఐసులో పెట్టి వెంటనే పంపించండి, మీకు పుణ్యం ఉంటుంది. రెండూ జాగ్రత్తగా..."

"అప్పుడే డబ్బాలో సర్ది కారెక్కించానండి. మా అబ్బాయే తెస్తున్నాడు." ఆయన గొంతు తగ్గింది. "కానీ రెండు కాదండీ... మూడు."

"మూడేంటండీ? వాడికి పోయినవి రెండే."

"రెండు బాబువే అనుకుంటానండి. మూడోది బొటనవేలు. సన్నగా, ఆడపిల్లదిలా ఉంది. దాని మీద ఎవరో పెన్నుతో మొహం గీశారండీ. మీసం, కళ్ళజోడూ..."

నా ఎడమచెయ్యి పైకెత్తి చూసుకున్నాను. ఐదు వేళ్ళూ ఉన్నాయి. మావయ్య మీద గీత కూడా చెదరలేదు.

ఇదంతా టైపు చేస్తున్నప్పుడూ ఉన్నాడు. ఆ పొద్దుటినుంచి చల్లగా ఉన్నాడు, అంతే. ఇందాకటి నుంచి నేను తల ఊపించకుండానే అడ్డంగా ఊపుతున్నాడు.