రన్‌వే మీద దింపుడు కల్లం

జీప్ ఎగిరి పడుతుంది!

"ఇంకా తొక్కు, బసవరాజ్!"

"సార్, గిది దున్నిన చెల్క! ఇంకా తొక్కితే విమానం కన్నా ముందు మనమే ఎగురుతం!"

ఎస్సై సదాశివ నవ్వడు. డెబ్బై తొమ్మిదిలో జహీరాబాద్ స్టేషన్‌కి ఉన్నది ఈ ఒక్క జీపే. ఎదురుగా న్యాల్‌కల్ మట్టి రన్‌వే. దాని చివర, పత్తికి మందు కొట్టే చిన్న విమానం. పొద్దు గూకుతోంది. ప్రొపెల్లర్ తిరుగుతోంది...

లోపల హంతకుడున్నాడు.

పొద్దున జొన్నచేలో మదన్‌మోహన్‌ని కాల్చి చంపినవాడు ఈ విమానంలోనే వచ్చాడు. ముఖానికి రుమాలు. ఎవరో తెలియదు. చూసినవాళ్లు భయపడి సాయంత్రం దాకా నోరు విప్పలేదు. పగలంతా విమానం చేలకు మందు కొట్టింది; ఇప్పుడు దీంట్లోనే తిరిగిపోతాడు. రాష్ట్రం సరిహద్దు అవతల, సిందగి ఊరి పక్కన ఇలాంటిదే ఇంకో మట్టి రన్‌వే. బస్సులు మారుతూ పోతే పగలంతా పడుతుంది.

గాలిలో ఒక్క గంట!

పైకి లేస్తే పోయినట్టే.

డప్పు చప్పుడు...

రన్‌వే పక్క బాటలో పాడె వస్తోంది. మదన్‌మోహన్‌దే. వెనక తల్లి అనంతమ్మ.

సదాశివ జీప్‌లోంచి దూకుతాడు. "అమ్మా! పాడెను రన్‌వే మీద దించున్రి! నీ కొడుకును చంపినోడు ఆ విమానంలనే ఉన్నడు!"

పాడె మోస్తున్న ఎంకయ్య తటపటాయిస్తాడు. "దింపుడు కల్లం జాగా ఇంకా ముంగటున్నది సారూ..."

"ఈడ్నే దించు, ఎంకయ్యా," అంటుంది అనంతమ్మ. "సిందగిల పెద్దోడు రామ్‌కిషన్ బస్సెక్కిండంట. రేపటికి గాని రాడు. అన్న లేకుంటనే అన్నీ అయితున్నయ్... జాగ ఏదైతేంది?"

దించుతారు.

చెవిలో మూడుసార్లు పేరు పిలవాలి. ప్రాణం ఎక్కడన్నా మిగిలుంటే లేస్తాడని ఆశ. మూడో పిలుపు అయ్యేదాకా పాడె ఎత్తరు.

"మదనా..."

విమానం కదులుతుంది!

"మదనా...!"

దూసుకొస్తోంది! దుమ్ము... హోరు... డప్పు ఆగిపోతుంది. మనుషులు మాత్రం కదలరు.

పైలట్ బ్రేక్ తొక్కుతాడు. పాడెకు పది గజాల్లో ఆగుతుంది.

తలుపు తెరుచుకుంటుంది. ముఖానికి రుమాలు... చేతిలో పిస్తోలు!

"ఎత్తున్రి పాడె!"

"మూడోసారి పిలవకుంట ఎత్తం." అంటాడు ఎంకయ్య. కాళ్లు కదలవు.

పిస్తోలు అనంతమ్మ మీదికి తిరుగుతుంది. "పిలువే ముసల్దానా! జల్ది!"

అనంతమ్మ తలెత్తుతుంది.

ఆ గొంతు...

ఆమె వెనకే సదాశివ. రివాల్వర్ ఎత్తాడు. గురికి అడ్డంగా ఆమె తల! "అమ్మా, వంగు! కాలుస్త!"

ఆమె వంగదు.

"పెద్దోడా..." అంటుంది. "తమ్ముడు నీకేం తక్కువ చేసిండురా?"

రుమాలు జారుతుంది.

రామ్‌కిషన్!

బస్సులో ఉండాల్సిన కొడుకు.

"భూమంతా వానికే రాసిస్తివి గదనే!" పిస్తోలు దించడు. "జరుగు! నన్ను పోనియ్యి!"

"నీకు సద్ది కట్టిపెట్టిన్రా బిడ్డా... ఆకలితోని దిగుతవని..."

వంగకపోతే పెద్దోడు ఎగిరిపోతాడు. వంగితే... వెనక సదాశివ రివాల్వర్.

చిన్నవాడి ముఖం మీద విమానం రేపిన దుమ్ము. కొంగుతో తుడుస్తుంది. మెల్లగా వాడి చెవి మీదికి వంగుతుంది.

మూడోసారి పిలుస్తుంది.

"రామ్‌కిషనూ..."

ఢాం!