గ్రంథాలయం వెనకింటి పిలుపు

మాచర్లలో మా గ్రంథాలయం వెనక సందుకి ఈమధ్య చెడ్డపేరొచ్చింది. సందు చివర, పత్తి గోడౌన్‌ని ఆనుకుని, ఆకుపచ్చ గేటున్న పెంకుటిల్లు ఒకటుంది. చీకటి పడ్డాక అందులోంచి ఒక ఆడమనిషి పిలుస్తుందని... పలికినవాళ్ళు మళ్ళీ ఇల్లు చేరరని... ట్యూషన్ పిల్లలు చుట్టుతిరిగి పోతున్నారు. ఆటోవాళ్ళని అటు రమ్మంటే వేరే బేరం ఉందంటారు.

తమాషా ఏమిటంటే, ఆ దెయ్యానికి నిండా ఏడాది వయసు కూడా లేదు. దాన్ని పుట్టించింది ప్రశాంతి.

డిగ్రీ చదివే పిల్ల. ‘పిల్లకాలువ’ అనే చిన్న పత్రికలో ఆమె రాసిన మొదటి కథ అది. సంపాదకుడు నాగభూషణరావు గారు కొత్తవాళ్ళ కథలు అచ్చేసి, రాసినవాళ్ళ చేతే గ్రంథాలయంలో మైకు ముందు చదివిస్తారు. ఊళ్ళో ఉన్న చోటే పెట్టి రాయమ్మా, అప్పుడే జనం నమ్ముతారని ఆయనే చెప్పారట. ఆ ఇంటికి చానాళ్ళుగా తాళం. అడిగేదెవరులే అని ఈ పిల్ల గేటు రంగుతో సహా దింపేసి, ఇంటావిడ అందులోనే చచ్చిపోయి దెయ్యమైందని రాసేసింది.

చదివిన రోజు మేమంతా చప్పట్లు కొట్టాం. నేను కాస్త గట్టిగానే కొట్టాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎవరో వీడియో తీశారు. ఫోన్లలో తిరిగేకొద్దీ అది కథన్న సంగతి రాలిపోయి దెయ్యం ఒక్కటే మిగిలింది.

ఇక ఆ రాత్రి జరిగింది ప్రశాంతి నాకు చెప్పినట్టే చెబుతాను.

పత్రిక వార్షికోత్సవం. అందరూ అడిగారని మళ్ళీ అదే కథ చదివింది. మైకు మోత, చప్పట్లు, శాలువా. సభ ముగిసేసరికి బాగా చీకటి పడింది. స్కూటీ ఆ సందులోనే పెట్టింది — తనకేం భయం? తాళం తీయబోతుంటే కరెంటు పోయింది.

అప్పుడు వినపడింది... గోడ అవతల నుంచి. బొంగురుగా, సన్నగా —

“ఎవరమ్మా... ఇట్టా ఒకసారి రా...”

స్కూటీ వదిలేసి పరుగో పరుగు. శాలువా జారిపోయినా వెనక్కి చూడలేదు. గ్రంథాలయం గేటు పట్టుకుని రొప్పుతూ నిలబడింది.

అక్కడ వెలిగింది ఆమెకి. ఆ ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదు. ఆ చావు తను రాసింది... మరి పిలుస్తున్నదెవరు?

ఈసారి పట్టుకున్న భయం మొదటిదానికంటే పాడుది అంది నాతో. ఫోన్ లైటు వేసుకుని వెనక్కి నడిచింది. గేటు తీసే ఉంది. పెరట్లో నీళ్ళతొట్టి పక్కన, పాకుడు మీద, ఒక ముసలావిడ పడి ఉంది. కాలు తొడ దగ్గర వంకరపోయింది.

ఆ ఇంటి సొంతదారు, ధనమ్మ. ఇన్నాళ్ళూ రాజుపాలెంలో కూతురి దగ్గర ఉండేది. దెయ్యాల కొంపలో అద్దెకి ఎవరూ దిగకపోతుంటే, ఊరికే పాడుపెట్టడమెందుకని ఈమధ్యే తను వచ్చి ఒంటరిగా ఉంటోంది. ఆ సంగతి సందులో ఎవరికీ తెలియదు. తెలుసుకుందామని ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు.

ప్రశాంతి అంబులెన్సుకి ఫోన్ చేసి, ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. తప్పు నాదేనని చెప్పేద్దామని నోరు తెరిచిందట. అంతలో ధనమ్మే మాట్లాడింది, ఆగి ఆగి.

“పొద్దుగూకినకాణ్ణించీ పిలుస్తన్నా తల్లీ... ఒకళ్ళిద్దరు పోయారు సందులో. నా గొంతు ఇనగానే ఉరికారు. ఆ లైబ్రరీలో ఏందో మీటింగంట... ఆ చప్పట్లలో నా కేక ఎవరికి ఇనపడుద్ది?”

ప్రశాంతికి ఏడుపు ఆగలేదు. ఎవరి బిడ్డో తన కోసం ఇంతగా ఏడుస్తోందని ముసలావిడే జాలిపడి, ఆమె చెంప తుడిచింది. తుడుస్తూ మెల్లిగా అడిగింది —

“ఊరు ఊరంతా నన్ను దెయ్యమని నమ్మారే... కాదని నీ ఒక్కదానికే ఎట్టా తెలిసిందమ్మా?”