కృష్ణవేణమ్మ విన్న పుస్తకం

ఆ ఉదయం పాలు కాగకముందే నాగభూషణరావు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. నరసరావుపేటలోని ఆ ఇంట్లో మూడేళ్లుగా అదే అలవాటు. ఆయన భార్య కృష్ణవేణి క్రోసూరు, అచ్చంపేట మండలాల్లో ముప్ఫై మూడేళ్లు ఏఎన్‌ఎంగా పనిచేసి పదవీ విరమణ చేసింది. కాన్పులు, పాముకాట్లు, వాంతులు విరేచనాలు, ప్రాణం నిలిపిన నాటువైద్యాలు, ప్రాణం తీసిన నాటువైద్యాలు, తాను కళ్లారా చూసినవన్నీ పదకొండు నోటుపుస్తకాల్లో రాసుకుంది. కొత్తగా ఉద్యోగంలో చేరే ఏఎన్‌ఎంలకు అవి పుస్తకంగా అందాలన్నది ఆమె కోరిక. ఇంతలో గ్లకోమా వచ్చి చూపు దాదాపు పోయింది. ఆ రాతంతా ఆయనే రోజుకింత చొప్పున టైపు చేసి, పోయిన నెలలో ముగించారు.

కంప్యూటర్ పాతది. లేవడానికి పావుగంట, ఆపైన రోజుకో వైరస్ హెచ్చరిక. ఊళ్లోని ఒక స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే కోడలు పూర్ణిమ, ముందురోజు అందులోని పాత విండోస్‌ను తుడిచేసి లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసింది. నిమిషంలోపే తెర వెలిగింది. ప్రింటర్ ఏ డిస్కూ అడగకుండానే పనిచేసింది. పైసా ఖర్చు లేకుండా ఇంత మంచి వస్తువును ఎవరిస్తారని ఆయన భోజనాల దగ్గర రెండుసార్లు అడిగారు.

ఇప్పుడు ఫైలు తెరిస్తే తెలుగు లేదు. తలాతోకా లేని ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, మధ్యలో గీతలు. రెండు వందల పేజీలూ అంతే.

"ఏంది అమ్మాయ్ ఇది?"

పూర్ణిమ చూసింది, కుర్చీలో కూలబడింది. తరువాత ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన టైపు చేసింది పాతకాలపు డీటీపీ ఫాంటుతో. యంత్రం లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే. ఆ ఫాంటు ఉన్నంతసేపే అవి తెలుగుగా కనబడతాయి. తాను ఫైళ్లన్నీ దాచింది గాని ఫాంటును దాచాలన్న ఆలోచన రాలేదు. ఆ ఫాంటు వేసిచ్చిన ప్రెస్సాయన ప్రెస్సు మూసేసి వెళ్లిపోయాడు. ఇంకో రెండు ప్రెస్సులకు ఫోన్ చేస్తే ఆ రకం తమ దగ్గర లేదన్నారు.

"తప్పు నాదే మావయ్యా."

"తప్పంటే తిరిగొస్తదా? మూడేళ్ల పని. నడిచేదాన్ని నడవనీయకుండా నిన్నెవరు చెయ్యి పెట్టమన్నారు?"

పాలల్లోకి తోడు కోసం వచ్చిన పక్కింటి ఝాన్సీలక్ష్మి ఈ మాటలు విని, నిన్న అమావాస్య గదా, కొత్త పని మొదలుపెట్టకుండా ఉండాల్సిందని నిట్టూర్చింది. అమావాస్యనాడు తన చేతుల మీద పుట్టినవాళ్లలో ఇద్దరు ఎస్సైలయ్యారని కృష్ణవేణి వసారాలోంచే బదులిచ్చింది. ఝాన్సీలక్ష్మి తోడు తీసుకుని వెళ్లింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర పూర్ణిమ ఒక దారి చెప్పింది. నోటుపుస్తకాలు ఇస్తే రోజూ సాయంత్రం కూర్చుని తానే మళ్లీ టైపు చేస్తుంది. ఆయన పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

"బీరువా మీద ఉన్నయి గదా, దించండి," అంది కృష్ణవేణి.

"లేవు."

"లేవంటే?"

"సున్నాలేయించినప్పుడు చెదలు కనబడ్డయి. టైపు అయిపోయింది గదా అని పాతకాగితాలోడికి వేసేశాను."

కృష్ణవేణి చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేసింది. ఆమె గొంతు పెరగలేదు.

"పొద్దుట్నుంచి ఆ పిల్లను నిలబెట్టి కడుగుతున్నారే. పిల్ల చేసిన తప్పు పిల్ల ఒప్పుకుంది. మీరు పారేసింది నా చేతిరాత. నాకు కనపడదు గాబట్టి, ఏం చేసినా తెలవదనుకున్నారా?"

ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నారు.

ఆ సాయంత్రం పూర్ణిమ ఇంటర్నెట్‌లో వెతుకుతూ పోతే ఒక సాధనం దొరికింది. ఇలాంటి పాత ఫాంటు రాతను అన్ని యంత్రాలూ చదవగలిగే తెలుగులోకి మార్చేందుకు ఎవరో రాసి, ఎవరైనా వాడుకోవచ్చని, దిద్దుకోవచ్చని లోపలి కోడుతో సహా ఉచితంగా పెట్టారు. ఆరేళ్లుగా దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. ఫైలును దాని గుండా పంపితే తెలుగు వచ్చింది గాని వత్తులు తారుమారయ్యాయి. ఆయన ఫాంటు కొంచెం వేరు రకం. ఏ గుర్తు ఏ వత్తో చెప్పే పట్టిక మాత్రం తెరిచే ఉంది.

రెండో సాయంత్రం నాగభూషణరావు పిలవకుండానే కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

"ఈ వాక్యం నాకు తెలుసు. 'బొడ్డు కోసే బ్లేడు నీళ్లలో మరగాలి' అని ఉండాలి."

ఆయన సరైన మాట చెబుతూ పోయారు, ఆమె పట్టిక దిద్దుతూ పోయింది. ఒక్క వరుస దిద్దితే నాలుగు వందల చోట్ల వత్తులు కుదురుకున్నాయి. ఏడు వరుసలకు పుస్తకమంతా నిలబడింది. నిన్న అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దని, అవి తనను తాను అనుకోవలసినవని ఆయన తెర వైపే చూస్తూ కోడలితో అన్నారు.

శనివారం పొద్దున పూర్ణిమ అత్తగారిని యంత్రం ముందు కూర్చోబెట్టింది. తెర మీది రాతను పైకి చదివే ఏర్పాటు కూడా లైనక్స్‌లో ఉంది. పాత ఫాంటుతో అది సాధ్యమయ్యేది కాదు. బొంగురు గొంతు ఒకటి ఊపిరి తీయకుండా చదవసాగింది.

"జ్వరమొచ్చిన కండక్టర్‌లాగున్నాడు," అంది కృష్ణవేణి. తాను రాసింది ఎవరి సాయం లేకుండా ఆమెకు అందడం నాలుగేళ్లలో అదే మొదటిసారి.

గొంతు నలభయ్యో పేజీకి వచ్చింది. 'వాగు అవతల కాన్పు. వాన. ఈ వానలో పోవద్దని మావారు సైకిలుకు తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నారు. నడిచి వెళ్లాను. బిడ్డ దక్కింది. తల్లి దక్కలేదు. అరగంట ముందు చేరితే దక్కేదేమో. ఆయనను నేను ఇప్పటికీ అడగలేదు.'

పూర్ణిమ ఆపబోయింది. కృష్ణవేణి చేత్తో వద్దని వారించి, ఆ పేజీ అయ్యాక తానే ఆపమని సైగ చేసింది.

"ఇది మీరు టైపు చేశారా?"

"చేశాను."

"తీసేస్తే నాకు తెలిసేది కాదు గదా."

"పుస్తకం నీది. అందులో మాట తీసే హక్కు నాకెక్కడిది?" అన్నారాయన. "ఆ పేజీ అయ్యాక పదిరోజులు టైపు చేయలేకపోయాను కృష్ణవేణీ."

ఆమె తడుముకుంటూ ఆయన చేతిని అందుకుంది. చాలాసేపు వదలలేదు.

దిద్దిన వరుసలను ఆ సాధనం ఉన్న చోటికే తిరిగి పంపాలని, అలా పంపితే ఇదే రకం ఫాంటులో ఇరుక్కున్న మరొకరికి పనికొస్తాయని పూర్ణిమ చెప్పింది. ఆ రాసినాయనకు కృతజ్ఞతగా ఒక ఉత్తరం జతచేయాలని నాగభూషణరావు అన్నారు. ఆయన పేరు, ఊరు ఏందని అడిగితే, అక్కడ ఒక మారుపేరు తప్ప ఇంకేమీ లేదంది. ఆడో మగో కూడా తెలియదు.

"నేను చెప్తా, రాయండి," అంది కృష్ణవేణి. ఆయన వేళ్లు అక్షరాల మీద పెట్టుకున్నారు.

"మీరెవరో మాకు తెలియదు. పోయిందనుకున్న నా పుస్తకం మీ చేతుల మీదుగా తిరిగొచ్చింది. మా పల్లెల్లో కాన్పు చేసిన మనిషికి ఆ ఇంటివాళ్లు చీర పెట్టి పంపుతారు. మీకు పెట్టే దారి లేదు. మా ఇంట్లో దిద్దిన ఏడు వరుసలు పంపుతున్నాం. చీర అనుకుని తీసుకోండి."