ఒంటి తుమ్ము

లిస్బన్‌లోని ఒక హోటల్ గదిలో ఆంద్రే అనే కోడ్ ఇంజనీర్ శవమై దొరికాడు. టేబుల్ మీద రెండు కాఫీ కప్పులున్నాయి. ఒక కప్పు అంచుకు లిప్‌స్టిక్ ఉంది.

ఆ ఫొటోను కుమారస్వామి ఇందు వైపు తోశాడు.

వరంగల్ కొత్తవాడలో అది జంపఖానాల దుకాణం. వెనక గది మాత్రం గూఢచారి విభాగానిది. పక్కింటి మగ్గం టకటకలాడుతోంది. ఆ చప్పుడు ఉన్నంతసేపు ఇక్కడి మాటలు ఏ మైక్‌కూ దొరకవు.

"మన బార్డర్ రేడియోల కోడ్‌కు మాస్టర్ కీ ఉంది. సగం ఇతని తలలో ఉండేది. ఆ సగం చంపినవాళ్ల చేతికి పోయింది."

"మిగతా సగం?"

"మతేయ్ తలలో. స్లొవేనియా మనిషి. ల్యాబ్ పనికోసం ఈ మధ్యే వరంగల్‌లో దిగాడు. సుబేదారిలో ఒక ఇంటి పైపోర్షన్‌లో పెట్టాం."

"చంపింది ఎవరు సర్?"

"నార్సిస్ గ్యాంగ్. వాళ్లు ఎవరినీ ఎత్తుకుపోరు. ఒంటరివాణ్ని వెతుకుతారు. స్నేహం చేస్తారు. మనిషి తనంతట తాను వాళ్ల కారెక్కేలా చేస్తారు. కీ చెప్పించుకున్నాక ప్రాణంతో వదలరు."

కుమారస్వామి ఒక స్టీలు పోపులపెట్టె తీసి ముందు పెట్టాడు.

"నీ కవర్, వంటమనిషి. పేరు రమ. మరిపెడ దగ్గరి పల్లె. నీకు ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు. ఏం జరిగినా రాదు. మెంతుల గిన్నె కింద బటన్ ఉంది. నొక్కితే టీమ్ వస్తుంది."

ఇందు పోపులపెట్టె చంకన పెట్టుకుని లేచింది.

సుబేదారి ఇంట్లో ఆమె చూసిన మతేయ్ విభాగం ఫైల్లోని తన ఫొటోలా లేడు. గడ్డం పెరిగింది. కళ్ల కింద నలుపు. చెవుల్లో దూది. ఎండ మండిపోతున్నా కిటికీలన్నీ మూసేసి, చీకట్లో మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

అతనికి ఈ ఊరు అర్థం కాలేదు. తలుపు కొట్టకుండా మనుషులు లోపలికి వస్తారు. ఆటోవాడు జీతమెంత అని అడుగుతాడు. మందుల దుకాణంలో పెళ్లయిందా అంటారు, కాలేదంటే ఎందుకు కాలేదంటారు. ల్యాబ్‌లో తల ఊపితే అది అవునో కాదో తెలియదు. వీధిలో పెళ్లి బారాత్ పోతే అతని ఛాతీలో డప్పు మోగుతుంది. వాళ్ల ఊళ్లో పక్కింటివాళ్లను చూసి ఆరు నెలలైనా ఎవరూ ఏమీ అనుకోరట. ఇక్కడ ఒక పూట కనబడకపోతే జ్వరమొచ్చిందా అని గుమ్మంలో నిలబడతారు.

అందరికంటే ఎక్కువ భయపెట్టింది కింది పోర్షన్ యాదవ్వ. ఇంటి ఓనర్. రోజూ మెట్లెక్కి వచ్చి ఒకటే ప్రశ్న.

"మత్తయ్యా, తిన్నవా? ఏం కూర?"

మొదటివారంలోనే అతను ల్యాబ్‌కు ఫిర్యాదు చేశాడు. తన ఆహారం గురించి ఇంటి యజమానురాలు ప్రతిరోజూ సమాచారం సేకరిస్తోందని. విభాగం యాదవ్వ మీద నిజంగానే విచారణ జరిపింది. ఆమె వీధిలో అందరి కూరల సమాచారమూ సేకరిస్తోందని తేలింది.

ఒకరోజు అతను ల్యాబ్ మీటింగ్‌కు బయలుదేరుతుంటే యాదవ్వ తుమ్మింది. ఒక్కటే తుమ్ము. వెంటనే అతని చొక్కా చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"ఒంటి తుమ్ము కొడుకా! కూసో. మంచినీళ్లు తాగి పో. రెండోది వస్తే ఫికర్ లేదు, రాకపాయె."

అతను విడిపించుకోబోయాడు. యాదవ్వ వదల్లేదు. పట్టిన చేతి వంక అతను చూసిన చూపు ఇందుకు గుర్తుండిపోయింది. కోపం కాదది. నీళ్లలో మునుగుతున్న మనిషి చూపు. గ్లాసు నీళ్లు తాగి, మీటింగ్‌కు పోకుండా లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం బాత్రూంలో నల్లా తిప్పి ఏడ్చాడు. నీళ్ల చప్పుడు కింద ఏడుపు వినబడదనుకున్నాడు. ఇందు వంటింట్లో అన్నీ వింది. తర్వాత అతను గోడ మీది బల్లితో మాట్లాడాడు. ఆ ఇంట్లో అతణ్ని ఏమీ అడగనిది అదొక్కటే.

ఒక్క ఇంగ్లిష్ వాక్యం చాలు. "మొదట్లో అందరికీ ఇంతే, తగ్గుతుంది" అంటే చాలు. ఆ వాక్యం ఆమె నాలుక చివరిదాకా వచ్చేది. రమకు ఇంగ్లిష్ రాదు. ఆమె చేయగలిగింది ఒకటే. కూరలో కారం వెయ్యడం మానేసి, రోజుకు రవ్వంత చొప్పున కలుపుతూ వచ్చింది. అతనికి తెలియకుండా.

అప్పుడు లీనా వచ్చింది.

ల్యాబ్ పంపిన కల్చర్ కౌన్సెలర్. కొత్తగా వచ్చిన విదేశీయులు కుదురుకోవడానికి సాయం చేస్తుంది. పుట్టుక ఇండియాలోనే, ఊరేదో తనకే తెలియదు. పసిగుడ్డుగా ఉండగా దత్తత పోయి వియన్నాలో పెరిగింది. తెలుగు ముక్క తెలియదు. ఇసుక రంగు డ్రెస్, నల్ల కళ్లద్దాలు, గది దాటినా గాలిలో ఉండిపోయే పెర్‌ఫ్యూమ్. ఆమె తెచ్చిన వాళ్ల దేశపు నల్ల రొట్టెను మతేయ్ రెండు చేతులా పట్టుకుని వాసన చూశాడు.

"నాకూ ఇక్కడ ఊపిరాడటం లేదు మతేయ్," అంది ఇంగ్లిష్‌లో. "తప్పు నీది కాదు. ఈ ఊరు మనలాంటివాళ్లకు కాదు."

ఇందు వంటింట్లో ఉల్లిగడ్డ కోస్తూ విన్నది. కుదురుకోమని చెప్పాల్సిన మనిషి ఒక్కసారీ ఆ మాట చెప్పలేదు. రోజూ వచ్చి, అతని గాయం మీది పక్కు గీకి పోయేది. కింది ముసలామె నీ మీద నిఘా పెట్టింది. ల్యాబ్‌లో నిన్ను చూసి నవ్వుకుంటున్నారు. నిన్ను అర్థం చేసుకునేది నేనొక్కదాన్నే అనేది.

ఒక మధ్యాహ్నం ఇందు తొక్కు కోసం ఎండుమిర్చి వేయిస్తోంది. ఘాటు ముక్కుకెక్కి ఒక్క తుమ్ము తుమ్మింది. సరిగ్గా అప్పుడే లీనా గుమ్మం దాటబోతోంది. గాలిలోకి లేచిన కాలు ఆగింది. వెనక్కి వచ్చింది.

"నా ఫోన్," అంటూ బ్యాగులో వెతికింది.

ఫోన్ ఆమె చేతిలోనే ఉంది.

ఇందు మూకుడులోని మిర్చి మాడిపోయేదాకా ఆ కాలినే తలుచుకుంటూ నిలబడింది.

మర్నాడు కొత్తవాడ దుకాణంలో అడిగింది. "తెల్ల జంపఖానా ఉన్నదా?"

"తెల్లది మాపుకు ఆగదు," అని కోడ్ జవాబిచ్చి కుమారస్వామి వెనక గదిలోకి తీసుకెళ్లాడు. అంతా విన్నాడు. నవ్వాడు.

"లీనా మన మనిషే ఇందూ. ల్యాబ్ పేరుతో విభాగమే పెట్టింది. నువ్వెవరో ఆమెకు తెలియదు, అంతే."

"మన మనిషైతే అతణ్ని ఎందుకు కుంగదీస్తోంది సర్? వియన్నాలో పెరిగిన మనిషి తుమ్ముకు ఎందుకు ఆగింది?"

"పైవాళ్లకు ఏమని రాయను? తుమ్ముకు ఆగింది కాబట్టి అరెస్ట్ చేశామనా?" ఆయన నవ్వు ఆగిపోయింది. "సాక్ష్యం తే. అప్పటిదాకా నువ్వు రమవి."

సాక్ష్యం వెతికే వ్యవధి దొరకలేదు. రెండో రోజు ఎండ నడినెత్తిన ఉండగా లీనా వచ్చింది. కింద గేటు ముందు నల్ల కారు, ఇంజన్ నడుస్తూనే ఉంది.

"సూట్‌కేస్ వద్దు. పాస్‌పోర్ట్ చాలు," అంది. "హైదరాబాద్‌లో ఫ్లైట్ ఉంది. రేపు పొద్దునకు నువ్వు మీ ఇంట్లో ఉంటావు."

ఇల్లు అన్న మాట వినగానే మతేయ్ ముఖం చిన్నపిల్లాడి ముఖమైంది. చెవుల్లో దూది తీసి పారేశాడు. ఏ ఊరు, ఏ ఫ్లైట్, ఎందుకింత తొందర అని ఒక్క ప్రశ్నా అడగలేదు. ప్రశ్నలంటేనే అతనికి విసుగెత్తిపోయింది.

ఇందు వంటింట్లో మెంతుల గిన్నె ఎత్తి బటన్ నొక్కింది. చెవి కమ్మలో దాచిన స్పీకర్‌లోంచి టీమ్ డ్రైవర్ గొంతు, వెనక బ్యాండు మోత.

"జంక్షన్ దగ్గర బారాత్ మేడం. కారు కదుల్తలేదు. దిగి ఉరుకుతున్నం. జర ఆపుండ్రి."

దేనితో ఆపాలి? బియ్యం డ్రమ్ములో పిస్టల్ ఉంది. డ్రమ్ము ముందు గదిలో, లీనా నిలబడిన చోటికి అడుగు దూరంలో ఉంది. నోరు విప్పితే కవర్ పోతుంది. పోయినా, వంటమనిషి మాట విని ఇంటికిపోయే మనిషి ఆగుతాడా?

ఆమె చూపు పోపులపెట్టె మీద పడింది. పెట్టెలోనిదీ, పక్క డబ్బాలోనిదీ ఉన్న కారమంతా పిడికిట్లోకి తీసుకుంది. ఒక చిటికెడు ముక్కులోకి పీల్చింది.

కళ్లలో నిప్పులు. గొంతులో నిప్పులు. తుమ్ము మాత్రం రాలేదు.

లీనా చెప్పులు గుమ్మం దగ్గర టకటకమన్నాయి. ఇంకో చిటికెడు. ఇందు వంటింటి తలుపు దగ్గరికొచ్చి కళ్లు మూసుకుంది. ఒక్కటే రావాలి. రెండొస్తే శుభం. రెండొస్తే వాళ్లు పోతారు, అతను చస్తాడు.

హాఛ్!

లీనా కాలు గుమ్మం మీద ఆగింది.

రెండో తుమ్ము ముక్కు చివరకొచ్చి నిలబడింది. ఇందు పళ్లు బిగబట్టి, ముక్కు నలిపి, దాన్ని లోపలే తొక్కిపట్టింది. కన్నీళ్లు చెంపల మీదుగా జారుతున్నాయి.

లీనా ట్రైనింగ్ పొందిన మనిషి. ఒక్క క్షణమే తడబడి మళ్లీ కాలెత్తింది. అప్పుడే యాదవ్వ మెట్లెక్కి ఎదురొచ్చింది.

"ఆగు బిడ్డా! ఒంటి తుమ్ము. గంత ఎండల పోతానవ్, ఎక్కడికైతేంది, కూసోని మంచినీళ్లు తాగి పో." గుమ్మం పక్కనున్న చెంబు అందించింది.

లీనా కూర్చుంది. చెంబు అందుకుని, అంచు పెదవికి తగలకుండా పైకెత్తి గటగటా తాగింది. చుక్క కింద పడలేదు.

తాగాక గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు.

మతేయ్ ఆమె వంకే చూస్తున్నాడు. ఈ నియమం అతనికి బాగా తెలుసు. దీనికోసమే ఒకసారి చొక్కా చెయ్యి చిరిగినంత పనైంది.

"ఆమె చెప్పింది తెలుగులో," అన్నాడు మెల్లగా. "నీకు తెలుగు రాదన్నావు. మొదటిసారి అలా తాగితే నా ముక్కులోకి పోయాయి నీళ్లు. నువ్వెక్కడ నేర్చుకున్నావు?"

"మతేయ్, ఫ్లైట్..."

"కారెక్కకు మతేయ్," అంది ఇందు ఇంగ్లిష్‌లో. "ఆంద్రే కూడా ఇలాగే ఒక కారెక్కి, హోటల్ గదిలో శవమై దొరికాడు."

మతేయ్ దెబ్బ తిన్నట్టు తిరిగాడు.

"నీకు ఇంగ్లిష్ వచ్చా? ఇన్నాళ్లూ? నేను..." అతని చూపు బాత్రూం తలుపు వైపు పోయింది. "అన్నీ విన్నావా?"

ఇందు తల దించుకుంది.

అటు తెలుగు దాచిన మనిషి. ఇటు ఇంగ్లిష్ దాచిన మనిషి. మతేయ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నడిచి వెళ్లి యాదవ్వ వెనక నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, ఆమె భుజం దాకా వంగి.

"ఈ ఇంట్లో నాకు అబద్ధం చెప్పనిది ఈమె ఒక్కతే," అన్నాడు.

లీనా చేయి బ్యాగులోకి పోయింది. చిన్న పిస్టల్, చివర సైలెన్సర్.

"పక్కకు జరుగు ముసల్దానా!" అచ్చమైన వరంగల్ యాసలో అరిచింది. "ఆణ్ని తోలుకపోకుంటే వాళ్లు నన్ను సంపుతరు!"

"ఓయమ్మ! మనూరి పిల్లవే గద!" అంది యాదవ్వ. పక్కకు మాత్రం జరగలేదు.

ఇందు ముందుకు దూకి పిడికిలి విప్పింది. ఇంతసేపూ తొక్కిపట్టిన రెండో తుమ్ము అప్పుడు వచ్చింది. అరచేతిలోని వరంగల్ కారమంతా ఆ తుమ్ముతో లేచి లీనా ముఖం మీద పడింది.

పిస్టల్ పేలింది. పైకప్పు సున్నం రాలింది. లీనా కళ్లు పట్టుకుని కూలబడింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. ముందు ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల వెనక ఒగరుస్తూ కుమారస్వామి.

ఆమెను లేపి గుమ్మం దాటిస్తుంటే యాదవ్వ దారి వదిలింది.

"ఇగ తోల్కపోండ్రి సారూ. రెండో తుమ్మొచ్చింది. ఫికర్ లేదు."

కుమారస్వామి ఇందు ఎర్రటి ముక్కు వంక చూశాడు. "వాడిన ఆయుధం ఏమని రాయాలి?" అని తనలో తను గొణుక్కున్నాడు. తర్వాత మతేయ్‌తో అన్నాడు. "మిమ్మల్ని ఇంకో ఊరికి మారుస్తాం. మీకు నచ్చిన చోటికి."

మతేయ్ కింద పడిన దూది ఉండలు చూశాడు, తీసుకోలేదు. బయట బారాత్ దగ్గరవుతోంది, డప్పు గోడలకు తగులుతోంది. అతను ఇందు వైపు తిరిగాడు.

"కూరలో కారం రోజూ కొంచెం కొంచెం పెంచావు," అన్నాడు ఇంగ్లిష్‌లో. "అది కనిపెట్టాను. కనిపెట్టినట్టు నేనూ దాచాను."

యాదవ్వకు ఆ మాటలు అర్థం కాలేదు. ఆమెకు కావాల్సింది వేరే.

"గీ లొల్లిల తిన్నవో లేదో. మత్తయ్యా, ఏం కూర?"

మతేయ్ పోపులపెట్టెలో ఖాళీ అయిన కారం గిన్నె వంక చూశాడు. తెలుగు మాటలను ఒక్కొక్కటిగా, రాళ్ల మీద అడుగేస్తున్నట్టు పేర్చాడు.

"కారం లేదు. కూర లేదు." ఊపిరి పీల్చుకున్నాడు. "నీది... ఏం కూర?"

కుమారస్వామి చూసిన ఇంటరాగేషన్లలో అంత త్వరగా నిజం బయటపడ్డది లేదు.

"చింతచిగురు పప్పు," అంది యాదవ్వ. "గిన్నె పట్కరా."