స్టేషన్ బయట రెండు గంటల నలభై ఎనిమిది నిమిషాలు

"నా కారుతో ఏం వెలగబెట్టావు జోరీ?"

టామ్‌సిన్ ఉద్యోగానికి అబర్డీన్‌కి వెళ్లి పన్నెండు రోజులైంది. ఇన్నాళ్లకు ఆమె చేసిన మొదటి ఫోన్ ఇది.

"నేనేం చేశాను?"

"పార్కింగ్ నోటీసు వచ్చింది. బండి నా పేరు మీద ఉందిగా, మా అమ్మ ఇంటికి పంపారు. వంద పౌండ్లట! ట్రెవార్న్ స్టేషన్ కార్ పార్క్‌లోకి తొమ్మిది యాభై రెండుకి వెళ్లావు, పన్నెండు నలభైకి బయటికొచ్చావు. అదీ నేను వచ్చేసిన రోజు."

బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆమె జోరీకి కారు తాళాలిచ్చి, ఎవరైనా కొంటే అమ్మిపెట్టమంది. గుమ్మంలో కాసేపు నిలబడి, "ఇంకేమైనా చెప్తావా?" అని కూడా అడిగింది. "పశువుల ఆస్పత్రిలో ఉద్యోగమంటే మాటలా, వెళ్లిరా" అన్నాడు.

"నా రైలు పది ఐదుకి. నువ్వు అక్కడే ఉన్నావా?"

"అక్కడి బేకరీలో పాస్టీలు కొనడానికి వెళ్లాను."

"నేను రైలెక్కుతుంటే నువ్వు పాస్టీలు కొంటున్నావా? మూడు గంటలపాటు?"

"క్యూ ఉంది."

"ఛీ! ఆ పాస్టీల కథేదో నువ్వే రాసి అప్పీలు చేసుకో."

చేశాడు. పార్కింగ్ కంపెనీ నాలుగు లైన్లలో కుదరదంది. టామ్‌సిన్ పేరు మీదే స్వతంత్ర అప్పీళ్ల సంస్థకు మళ్లీ రాశాడు. ఈసారి ఉన్నదున్నట్టు రాశాడు. రాసింది ఆమెకు మాత్రం చూపించలేదు.

జవాబుకు నాలుగు నెలలు పట్టింది. ఆ నోటీసు పుణ్యమా అని టామ్‌సిన్ ప్రతి ఆదివారం ఫోన్ చేసేది.

"ఏమైంది మన కేసు?"

"విచారణలో ఉంది, మేడమ్."

"ఓడిపోతే నిన్ను జైల్లో పెడతారు, పాస్టీల దొంగా!"

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. అసలు సంగతి జోరీకి ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. వచ్చేవారం చూద్దాంలే అనుకునేవాడు. ఫిబ్రవరిలో ఆమె మాటల్లోకి ఫెర్గస్ అనే పేరు వచ్చింది. ఆస్పత్రిలో తోటి డాక్టరట. మార్చికల్లా ఆ పేరు లేకుండా ఫోన్ ముగిసేది కాదు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం మధ్యాహ్నం, వానలో, ఆమె ఫోన్ వచ్చింది. ఆదివారం కానేకాదు.

"తీర్పు నా ఈమెయిల్‌కి వచ్చింది. గెలిచావు. పార్కింగ్ టికెట్ మెషీన్లు పాడైపోయాయని వాళ్లే ఒప్పుకున్నారట."

"హమ్మయ్య."

"నువ్వు రాసింది కూడా జతచేశారు." ఆమె చదవడం మొదలుపెట్టింది. "'ఆమెను వెళ్లొద్దని అడగడానికి వచ్చాను. మెషీన్ పనిచేయలేదు. ఫోన్‌లో కడదామంటే సిగ్నల్ లేదు. టికెట్ లేకుండా బండి వదిలేస్తే ఫైన్ ఆమె పేరు మీద పడుతుందని అవతలి మెషీన్‌కి పరుగెత్తాను. అదీ పాడే. ప్లాట్‌ఫాం మీదికి వెళ్లేసరికి రైలు కదిలిపోయింది. తర్వాత కళ్లనిండా నీళ్లు. రోడ్డు కనపడక బండి తీయలేకపోయాను.'"

"టామ్‌సిన్..."

"కింద వాళ్లేమన్నారో తెలుసా? 'డ్రైవరు సొంత బాధలను మేం పరిగణించలేం.'"

జోరీ నవ్వాలని చూశాడు.

"నేను రైలు కిటికీలోంచి స్టేషన్ గేటు వైపే చూస్తూ కూర్చున్నాను జోరీ. నా పేరు మీద ఫైన్ పడుతుందని ఆగిపోయావా? పడితే పడనీయాల్సింది కదరా, పిచ్చోడా!"

"ఇప్పుడు అడగనా?"

"మొన్న ఆదివారం నేను ఫోన్ చేయలేదు, గమనించావా?"

"గమనించాను."

"ఆ రోజే ఫెర్గస్ పెళ్లి చేసుకుందామంటే సరేనన్నాను."

జోరీ కిటికీ అద్దం మీద వాననే చూస్తూ అడిగాడు.

"మంచివాడేనా?"

"మంచివాడే," అంది టామ్‌సిన్ ముక్కు తుడుచుకుంటూ. "అడగాల్సింది అడిగేస్తాడు."

మాటలు అయిపోయాయి. అయినా చాలాసేపు ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు.