మరిచిపోయే పుస్తకం

చంద్రుడి మీద మూడో కాలనీలో ఎవరూ ఎవరినీ "ఎలా జరిగింది?" అని అడగరు. అడగాల్సిన పనేముంది మరి! గనిలో రాయి జారినా, వంటగదిలో పాలు పొంగినా కెమెరా పట్టేస్తుంది. మరుక్షణం ఆ దృశ్యం మూడు వందల మంది మణికట్టు పట్టీల మీద కనబడుతుంది. మనిషి పోయిన గడపకు వెళ్ళినవాళ్ళు తిండి పొట్లం గుమ్మంలో పెట్టి, తల వంచుకుని వచ్చేస్తారు. కళ్ళతో చూసిందాన్ని మళ్ళీ అడిగి బాధపెట్టడం మర్యాద కాదని వాళ్ళు అనుకుంటారు.

పైడితల్లి గడపకూ అలాగే వచ్చి వెళ్ళారు.

పైడితల్లిది విజయనగరం వైపు. మంచు గనిలో గాలితలుపు దగ్గర కాపలా ఆమె ఉద్యోగం. సొరంగానికీ కాలనీకీ మధ్య ఉండే ఇనుప తలుపు అది. సొరంగంలోంచి గాలి కారిపోతుంటే ఎర్రదీపం వెలుగుతుంది; వెలగగానే తలుపు మూసెయ్యాలి, లేకపోతే కాలనీలో గాలి కూడా పోతుంది. ఒకనాడు దీపం వెలిగింది. పైడితల్లి తలుపు మూసింది. సొంత చెల్లెలు సూరీడమ్మ అవతల ఉండిపోయింది.

నిబంధన ప్రకారమే చేసిందని విచారణలో తేల్చారు. తేల్చితే సరిపోతుందా? పైడితల్లి మాట మానేసింది, తిండి మానేసింది. తొంభై రోజుల్లో కోలుకోని మనిషిని భూమికి దింపెయ్యడం కాలనీ పద్ధతి. దింపితే మళ్ళీ ఎక్కనివ్వరు. సూరీడమ్మను పూడ్చిపెట్టింది ఆ చంద్రుడి మట్టిలోనే. అక్కణ్ణుంచి కదలనని, పోయినా ఆ పక్కనే పోతానని పైడితల్లి ఒక కాగితం మీద రాసిచ్చింది. అదొక్కటే ఆమె చెప్పిన మాట.

అప్పుడే డాక్టర్ కుముదిని తన పుస్తకాన్ని ఆమె ఒళ్ళో పెట్టింది.

కుముదిని మనోవైద్య శాస్త్రవేత్త. పదకొండేళ్ళు ఆ పుస్తకం మీదే కూర్చుంది. పైకి మామూలు అట్ట పుస్తకమే, అరవై ఆకులు. మణికట్టు మీద తెరలు ఎన్ని ఉన్నా, దుఃఖంలో ఉన్న మనిషికి ఒళ్ళో పెట్టుకోవడానికి కాస్త బరువున్న వస్తువు కావాలని ఆమె నమ్మకం. ఆ ఆకులకు స్పందనపత్రాలని పేరు పెట్టింది. వాటి మీద అక్షరాలు వాటంతటవే తేలతాయి, మాసిపోతాయి. వెన్నులో కుట్టిన సన్నటి సెన్సర్ నాడీదారం. చదివేవాళ్ళ చేతిలో నాడి ఎలా కొట్టుకుంటోందో చూసి, తొందరగా కొట్టుకుంటే అక్షరాలను ఆపుతుంది, నెమ్మదిస్తే కదిలిస్తుంది. తెరవగానే ఒకటే వాక్యం కనిపిస్తుంది: "ఏం జరిగింది?" మనిషి నోటితో చెబితే పుస్తకం దాన్ని కథగా రాసి, ఆ మనిషికే చదివి వినిపిస్తుంది. లోపలున్న బాధ ఎదురుగా ఒక కథై కూర్చుంటే దాన్ని భరించడం సులువని కుముదిని సిద్ధాంతం.

ఆ మొదటి ప్రతిలో ఒక లోపం ఉండిపోయింది. మెమరీ చిప్‌ను ఆమె జ్ఞాపకపు గింజ అనేది. అది ప్రతి ఉదయం ఖాళీ అయిపోయేది. నిన్నటి కథ ఒక్క అక్షరం మిగిలేది కాదు. నకలు మాత్రం ప్రయోగశాలలోని యంత్రానికి చేరేది. గింజ బాగుచేసేదాకా దీనితోనే నెట్టుకొద్దామని ఇచ్చింది.

మూడు రోజులు పైడితల్లి పుస్తకం వైపు చూడలేదు. నాలుగో రోజు తెరిచింది.

"ఏటి జరిగిందంటే ఏటి సెప్పను? నానే తలుపేసీసినాను. తొమ్మిది లెక్కపెట్టీ అంత టైముంది. బయమేసింది, ఏసీసినాను."

మర్నాడు పుస్తకం ఏమీ ఎరగనట్టు మళ్ళీ అడిగింది. పైడితల్లి మళ్ళీ చెప్పింది. వారం తిరిగేసరికి తొమ్మిది ఏడయింది. తర్వాత నాలుగు. ఒకరోజు సూరీడమ్మే అక్కవైపు చెయ్యి ఊపి "ఏసీయే అప్పా" అందని చెప్పింది. ఆ రోజు గంజి తాగింది. ఇరవయ్యో రోజుకు వంటశాలకు వెళ్ళి, "ఇదేటి పులుసురా, సేపలు కడిగిన నీలా?" అని వంటవాణ్ణి తిట్టింది. వాడు పొంగిపోయి డాక్టరుకు కబురు పెట్టాడు.

కుముదిని సంతోషించింది. సంతోషించి ఊరుకోలేదు, శాస్త్రవేత్త కదా. జ్ఞాపకపు గింజను బాగుచేసి, పాత నకళ్ళన్నీ అందులో నింపి, కొత్త ప్రతిని తీసుకెళ్ళి పైడితల్లి చేతిలో పెట్టింది.

కొత్త పుస్తకం తెలివైనది. తెరవగానే ఇలా రాసింది: "మొదటి రోజు తొమ్మిది అన్నారు. ఎనిమిదో రోజు ఏడు. నిన్న మూడు. వీటిలో ఏది నిజం?"

పైడితల్లి పుస్తకం మూసేసింది. ఆ పూట నుంచి మళ్ళీ తిండి లేదు. భూమికి దింపే నౌక బయల్దేరడానికి ఇంక ఎనిమిది రోజులే ఉన్నాయి.

"ఏం తప్పు చేశాను పెంచలయ్యా? మరిచిపోయే పుస్తకం కంటే గుర్తుంచుకునే పుస్తకం మంచిదే కదా?" అంది కుముదిని. పెంచలయ్య నెల్లూరు మనిషి, పుస్తకం తీగలన్నీ అల్లిన ఇంజనీరు.

"మా అవ్వ పోయినప్పుడు మా తాత ఏం చేసినాడో చెప్పేదా మేడమ్? పరామర్శకి వచ్చినోళ్ళంతా ఎట్టా జరిగిందని అడగతా ఉండినారు. పదకొండు రోజులు, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ మొదట్నించీ చెప్పినాడు. మొదటి రోజు, డాక్టర్ని పిలవడం నేనే ఆలస్యం చేసినానని ఏడ్చినాడు. అయిదో రోజుకి డాక్టరే ఆలస్యంగా వచ్చినాడయ్యా అన్నాడు. పదకొండో రోజుకి, ఆమె ఎవర్నీ పిలవొద్దనింది, నా చెయ్యి పట్టుకుని పోయింది అన్నాడు."

"మరి మీరెవరూ కాదనలేదా?"

"ఆమె పోయినప్పుడు మేమంతా పక్కనే ఉండినాం మేడమ్. కాదంటే మా నాయన తాట తీసుండేవోడు."

కుముదిని పాత ప్రతిని పట్టుకుని పైడితల్లి గదికి పరుగెత్తింది. పైడితల్లి దాన్ని ముట్టుకోలేదు. ఒకసారి లెక్క అప్పజెప్పిన పుస్తకాన్ని ఎవరు నమ్ముతారు? కుముదిని చేసేది లేక పుస్తకం కింద పెట్టి, మంచం పక్కన నేల మీద చతికిలబడింది.

"ఎలా జరిగింది పైడితల్లీ?" అని తనే అడిగింది.

పైడితల్లి తల తిప్పింది. "ఏటమ్మా ఎటకారం? నీ సేతికి పట్టీ నేదా? ఊరూ వాడా సూసినారు. నువ్వు సూడనేదేటి? ఎన్ని లెక్కపెట్టీ అంత టైముందో నువ్వే సెప్పు."

పుస్తకంలో నింపిన లెక్కలు సరిచూడడానికి కుముదిని ఆ వీడియో నలభైసార్లు చూసింది. తలుపు ఆపి ఉంచడానికి పదకొండు సెకన్ల వ్యవధి ఉంది. సూరీడమ్మ తలుపు చేరడానికి ఆరు చాలు. నిజం తప్ప మరొకటి రాయని పుస్తకం చెయ్యాలని పదకొండేళ్ళు పాటుపడ్డ మనిషి ఆమె.

"నేను చూడలేదు," అంది.

పైడితల్లి ఆమె ముఖంలోకి అలాగే చూసింది. నమ్మిందో లేదో తెలియదు. కాస్త పక్కకు జరిగి మంచం మీద చోటిచ్చింది. "నేల సల్లగుంటాది, పైకి రా. అయితే ఇను. ఆయేల మా సూరీడు పొద్దున్నే నాతో తగువాడింది..."

ఎనిమిది రోజులూ కుముదిని వెళ్ళి అడిగింది. ప్రతి రోజూ కొత్తగా అడిగింది, కొత్తగా విన్నది. వంటవాడు కూడా వచ్చి కూర్చుని అడిగాడు, వీడియో వాడి పట్టీలోనే ఉన్నా. తొంభయ్యో రోజున వైద్యుల బృందం వచ్చేసరికి పైడితల్లి రెండు గిన్నెల పులుసు తాగి, ఉప్పు తక్కువైందని తగువేసుకుంటోంది. నౌక ఆమె లేకుండానే దిగిపోయింది.

పాత ప్రతి కుముదిని బల్ల మీదే ఉండిపోయింది. ఒక సాయంత్రం ఊరికే తెరిచింది. "ఏం జరిగింది?" అని అడిగింది పుస్తకం.

"ఒక మనిషి నన్ను నిజం అడిగింది. నేను అబద్ధం చెప్పాను," అంది కుముదిని.

మర్నాడు పుస్తకం ఖాళీ. మళ్ళీ అడిగింది. "అబద్ధమని కాదు, ఆ సమయంలో అంతకంటే ఏమీ తోచలేదు," అంది. మూడో రోజు, "ఆవిడకు జవాబు అక్కర్లేదు, నా ముఖం చూస్తేనే తెలిసింది," అంది.

ప్రయోగశాల యంత్రం అలవాటు ప్రకారం నకళ్ళు దించుకుంటూనే ఉంది. వాటిని సరిచూసే పని పెంచలయ్యది. మూడూ చదివాడు, మూడూ చెరిపేశాడు. రెండు గ్లాసుల్లో టీ పోసుకుని కుముదిని గదికి వెళ్ళి, ఒకటి ఆమె ముందు పెట్టి, రెండోది చేత్తో పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"అడగడమే మరిచినా మేడమ్. ఆ రోజు పైడితల్లి కాడ ఏం జరిగింది?"

కుముదిని గ్లాసు దగ్గరకు లాక్కుంది.

"ఏముంది పెంచలయ్యా. వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ నన్నేమీ అడగలేదు..."

పెంచలయ్య తల ఊపుతూ విన్నాడు.